కటోంగో కారుకు చదువు చెప్పిన శనివారం

కటోంగో కిట్వే పట్టణంలో ఒక బడిలో భూగోళం చెబుతాడు. ఏ నది ఎక్కడ పుడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు గానీ, తన కారు తాళం ఎక్కడ పెట్టాడో మాత్రం చెప్పలేడు. ఆ కారుకు ఉన్నది ఒక్కటే తాళం. జపాన్‌లో ఎవరో వాడి వదిలేస్తే ఓడెక్కి వచ్చిన నీలం రంగు చిన్న కారు అది. తాళం తిప్పినప్పుడల్లా లోపలినుంచి ఒక ఆడగొంతు వాళ్ల భాషలో ఏదో మర్యాదగా చెబుతుంది. ఏం చెబుతుందో కిట్వేలో ఎవరికీ తెలియదు. కటోంగో మాత్రం రోజూ "అలాగే తల్లీ" అని బదులిచ్చి బండి తీస్తాడు.

ఆ మధ్య బంధువులమ్మాయి పెళ్లికి ముందు ఆడవాళ్ల వేడుక జరిగింది. దానికి కటోంగో భార్య చాన్షి పెద్ద గిన్నెడు చికాందా చేసింది. అడవి దుంపల్ని పల్లీల పొడితో కలిపి ఉడికించి, ముక్కలు కోసి పెట్టే వంటకం. చాన్షి చెయ్యి పడితే దానికోసం జనం కొట్టుకుంటారు. కటోంగో ఆ గిన్నెను వెనక సీట్లో, తాళాన్ని ముందు సీట్లో ఉంచి తలుపులన్నీ వేసేశాడు. ఎవరినో పట్టుకొచ్చి అద్దం కిందికి దించేసరికి వేడుక అయిపోయింది, పెళ్లికూతురు పడుకుంది, చికాందా పులిసింది.

 ఇంటి గేటు దగ్గర దిగుతూనే చాన్షి అంది: "బాషీ లోంబే, రెండో తాళం వచ్చేదాకా నేనీ బండెక్కను. ఎక్కితే నా పేరు మార్చి పిలవండి."

లోంబే వాళ్ల పెద్దపిల్ల. అందుకే అతను బాషీ లోంబే, ఆమె బానా లోంబే. పిల్లలు పుట్టాక అక్కడ అందరికీ అంతే.

కటోంగో చిసొకోనే బజారుకెళ్లి కొత్త తాళం కోయించాడు. కోసినవాడు దాన్ని చేతిలో పెడుతూ, "కొయ్యడం వరకే ఇది, మాస్టారూ. మీట నొక్కితే తలుపు తెరుచుకోవాలంటే, ఇది నీ తాళమేనని కారుకు చదువు చెప్పాలి. దానికి వేరే లెక్క" అన్నాడు.

కటోంగోకు పౌరుషం వచ్చింది. "చదువు చెప్పడమే నా వృత్తి. నా కారుకు చదువు ఇంకొకడి చేత చెప్పించుకుంటానా?"

శనివారం పొద్దున ఫోన్ చూసుకుంటూ మొదలుపెట్టాడు. తాళం పెట్టు, తియ్యి. మళ్లీ పెట్టు, తియ్యి. తలుపు వెయ్యి, తెరువు. మళ్లీ వెయ్యి, తెరువు. తాళం పెట్టి తియ్యి, మళ్లీ తలుపు. చివర్లో తాళం పెట్టి, తలుపేసి, తిప్పాలి. అప్పుడు తలుపుల గొళ్లాలు టకటకమంటాయి, వెంటనే కొత్త తాళం మీట నొక్కాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే మళ్లీ మొదటికే.

ఫోన్లో చదివేలోపు ఆలస్యమైపోయేది. చదవకుండా చేస్తే వరస తప్పేది. తిప్పినప్పుడల్లా జపాన్ గొంతు అదే మాట అంటోంది, కటోంగో అలవాటు కొద్దీ "అలాగే తల్లీ" అంటున్నాడు. కంచె అవతల ఇరుగుపొరుగు ఒక్కొక్కరే చేరారు. చాన్షి అరుగుమీద కూర్చుని చిలగడదుంప ఆకు తుంచుతోంది.

పక్కవీధి బానా న్కోలే వచ్చింది. ఆడవాళ్ల ప్రార్థనలు నడిపే ముసలావిడ. కాసేపు చూసి చాన్షి పక్కన చేరి గుసగుసగా అడిగింది:

"ఎప్పట్నుంచమ్మా ఇలా?"

"పెళ్లైనప్పట్నుంచీ."

"అయ్యో ప్రభువా!"

అంతలో కారు మాట్లాడింది. బానా న్కోలే గుండెమీద చెయ్యేసుకుంది. "ఆత్మ భాషలో పలుకుతోంది! అందరూ నోరు మూయండి!" కిటికీకి చెవి ఆనించింది. "ఇంటామెకివ్వు... ఇంటామెకివ్వు అంటోంది."

"మళ్లీ వినండమ్మా, గట్టిగా అడగండి," అంది చాన్షి, ఆకు తుంచడం ఆపి.

"అది కారు పెద్దమ్మా, ఆత్మా కాదు పాడూ కాదు!" కటోంగో లోపల్నుంచి అరిచాడు.

"చూశారా, లోపలున్నది ఒప్పుకోవట్లేదు!" అంటూ ఆమె పాట ఎత్తుకుంది. కంచె అవతలి వాళ్లు అందుకున్నారు. పాట చప్పుడులో ఫోను పనికిరాక, కటోంగో కోపంతో ఎలా చేశాడో ఏమో గానీ వరస సరిగ్గా కుదిరింది. గొళ్లాలు టకటకమన్నాయి. "హల్లెలూయా!" అని బానా న్కోలే పిడికిలి బిగించి పైకెత్తింది. గొళ్లాలు మళ్లీ టక్కుమన్నాయి. జనం ఒక్క కేక పెట్టారు.

కటోంగో విజయగర్వంతో దిగి తలుపేశాడు, గొళ్లాలు పడిపోయాయి. కొత్త తాళం నొక్కాడు. చలనం లేదు. పాత తాళం నొక్కాడు. అదీ అంతే. కారు పాతదాన్ని కూడా మరిచిపోయింది. తాళం పెట్టి తీద్దామంటే, తలుపుకున్న రంధ్రాన్ని ఏనాడో ఏ దొంగో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పి పాడుచేశాడు.

బానా న్కోలే మెల్లగా పిడికిలి విప్పింది. అందులో ఒక తాళం ఉంది. నొక్కింది. నాలుగు తలుపులూ తెరుచుకున్నాయి.

కారుకు చదువొచ్చింది. వచ్చింది గానీ, పక్కవీధి ముసలమ్మ తాళానికి వచ్చింది.

తలుపులు వెయ్యకుండా వదిలేద్దామంటే దొంగల భయం. అందుకే ఆరోజు నుంచి కటోంగో బడికెళ్లాలంటే పొద్దున్నే ఆమె గేటు ముందు నిలబడాల్సి వచ్చింది. ఆమె ముఖం కడుక్కుని, నడుముకు చితెంగె గుడ్డ చుట్టుకుని వచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, అప్పుడు నొక్కేది. దేశాధ్యక్షుడి కోసం, వానల కోసం, టైర్ల కోసం ప్రార్థించేది. తిరిగి కారుకు చదువు చెబుతానని అతనంటే, "దేవుడు చేసింది మనిషి చెరపకూడదు నాయనా" అనేది. ఒకనాడు ఆ ప్రార్థన ఎంతకీ తెమలక కటోంగో మినీబస్సెక్కి వెళ్లిపోయాడు.

అప్పుడు చాన్షి ఆమె దగ్గరికొచ్చింది. "అమ్మా, మీ దగ్గర కారు లేదు కదా. ఈ తాళం ఎక్కడిది?"

బానా న్కోలే కళ్లు దించుకుంది. "మా ఆయన పోయాక, అచ్చం ఇలాంటిదే మా కారు, సొల్వేజీ ఊరివాళ్లకి అమ్మేశారమ్మా పిల్లలు. ఒక తాళం వాళ్లు పట్టుకెళ్లారు. ఇది చితెంగె కొంగున కట్టుకుని నేనుంచేసుకున్నా. ఎన్నేళ్లు నొక్కినా ఏదీ పలకలేదు. మొన్న మీ బండి పలికింది."

చాన్షి చెయ్యి చాపింది. "కాసేపు ఇవ్వండి. మళ్లీ ఇస్తాగా" అంది.

మూడు తాళాలూ ఒళ్లో పెట్టుకుని కార్లో కూర్చుంది. శనివారమంతా మొగుడు తప్పడం చూసీ చూసీ ఆమెకు వరస కంఠతా వచ్చేసింది. గొళ్లాలు పలికాయి. పాతది నొక్కింది, కొత్తది నొక్కింది, ముసలమ్మది కూడా నొక్కింది.

సాయంత్రం కటోంగో పలికే తాళాల లెక్క చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఆవిడది కూడానా! ఆవిడ ఇంట్లో కూర్చుని నొక్కితే మన తలుపులు తెరుచుకోవూ?"

"అంత దూరం అందదులెండి. గేటు దాకా వస్తేనే. వస్తే టీ ఇద్దాం," అంది చాన్షి, కొత్త తాళం బొడ్లో దోపుకుంటూ. "నేను బజారుకెళ్లొస్తా. జరగండి, నడిపేది నేను."