నాలుగో పాటలో చప్పుడు

కొత్త డిస్కు విడుదల రోజున నా దుకాణంలో గాయకుడి ముందుపన్ను ఊడింది. ఊడగొట్టింది నేనే. అది లాభమో నష్టమో తేలాలంటే సరుకు దిగిన దగ్గర్నుంచి చెప్పాలి.

పెద్ద కంపెనీలు ముట్టుకోని పాటల్ని డిస్కులుగా అచ్చు వేయించి అమ్మడం నా వ్యాపారం. ఈసారి బృందం మా ఇంటిదే. పాడేది మా అక్క కొడుకు. గొంతు పెద్దదని అందరూ వాణ్ని సైరన్ అంటారు. డ్రమ్స్ నా కూతురు. రికార్డింగు చివరి రోజున స్టూడియో తలుపు సందులో పడి ఆమె కుడిచేతి వేళ్లు నలిగాయి. ఎముకలు అతుక్కున్నా ఇక కర్ర మీద పట్టు దొరకదని డాక్టరు చెప్పేశాడు.

విడుదల రోజు ఉదయం పెట్టెలు దిగాయి. సరుకు చేతికి రాగానే ముందు లోపం వెతకడం నా అలవాటు. ఒక డిస్కు తీసి పెట్టాను. నాలుగో పాట మధ్యలో టక్కుమని చప్పుడు. గీత పడిందనుకుని ఇంకోటి పెట్టాను. అదే చోట అదే చప్పుడు. వేరే పెట్టె విప్పినా అంతే. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి చెడామడా తిట్టాను.

ఫ్యాక్టరీ అతను అంతా విని, కాసేపటికి తిరిగి ఫోన్ చేశాడు. "మా తప్పు కాదండీ. మీరు పంపిన టేపు మళ్లీ విన్నాను. అందులోనే ఉంది."

రికార్డింగు చేసినతనికి ఫోన్ చేశాను.

"తీసేస్తానన్నాను సార్. సైరన్ వద్దన్నాడు. అలాంటి చప్పుడు కావాలన్నా దొరకదట."

"ఇంతకీ ఏం చప్పుడయ్యా అది?"

"మీ అమ్మాయినే అడగండి సార్."

"నిన్నే అడుగుతున్నా."

"మైకు స్టాండు సార్. తాళం వేగంగా పోతోందని పొద్దున్నుంచీ ఆమె మీద విసుక్కుంటున్నాడు. పాడుతూ పాడుతూనే స్టాండు తిప్పి, దాని అడుగున ఉన్న ఇనుప దిమ్మతో కొట్టాడు. ఆమె చెయ్యి డ్రమ్ము అంచు మీదుంది."

ఫోన్ పెట్టేసి ఆ పాట మళ్లీ విన్నాను. చప్పుడు తర్వాత సైరన్ గొంతు ఎక్కడా తడబడలేదు. తాళమూ ఆగలేదు. కాకపోతే సగం అయింది. నా కూతురు ఒంటి చేత్తో పాట చివరిదాకా లాక్కొచ్చింది.

పెట్టెల మేకులు ఊడదీసే ఇనుప కడ్డీ తీసుకున్నాను. పెట్టె మీద పెట్టె, అట్టలతో సహా చితక్కొట్టాను. ముక్కలు ఎగిరి నా ముఖానికే తగిలాయి. నెత్తురు తుడుచుకుని ఇంకో పెట్టె మీద కడ్డీ ఎత్తేసరికి గుమ్మంలో కూతురు.

"ఏంటి నాన్నా ఇది?"

"చెడ్డ సరుకు. తలుపు సందు అన్నావు కదే."

ఆమెకు అర్థమైంది. "నిజం చెబితే విడుదల ఆపేసేవాడివి."

"ఆపక, వాడికి దండలేసి ఊరేగించనా?"

ఆమె వచ్చి ఆ పెట్టె మీదే కూర్చుంది. "నేను రెండు చేతులతో వాయించింది వీటిల్లోనే ఉంది నాన్నా. ఇవి కూడా పగలగొడితే నాకేం మిగులుతుంది?"

ఎంత తిప్పి చూసినా ఆ లెక్కలో తప్పు దొరకలేదు. కడ్డీ దించాను.

"చెప్పాల్సింది సాయంత్రం అందరి ముందూ నేనే చెబుతా. నువ్వు మధ్యలోకి రాకూడదు."

సరేనన్నాను.

సాయంత్రం దుకాణం కిక్కిరిసిపోయింది. కొత్త పాటల గురించి పత్రికలో రాసే ఆయన ముందు వరుసలో నిలబడ్డాడు. నాలుగో పాట అయ్యాక సైరన్‌ను అడిగాడు. "ఆ దెబ్బ అద్భుతం. దేంతో చేశారు?"

"వ్యాపార రహస్యం సార్. మా మావయ్యకే చెప్పలేదు," అని నవ్వాడు సైరన్.

నా కూతురు కట్టు కట్టిన చెయ్యి పైకెత్తింది. "దీంతో చేశాం. బావ స్టాండుతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడది. రాసుకోండి."

వెనక ఎవరో నవ్వారు. "మళ్లీ పెట్టు నాన్నా," అందామె. పెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నోరు మూసుకోవే," అంటూ సైరన్ ఆమె మీదికి ఉరికి, ఆ కట్టు పట్టుకునే మెలితిప్పాడు. ఆమె మోకాళ్ల మీద కూలిపోయింది.

కడ్డీ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. దాంతో కొడితే ప్రాణం పోతుంది, కూతురి డిస్కూ పోతుంది. అందుకని సభ కోసం బల్ల మీద పెట్టిన మైకు అందుకున్నాను. అది ఆన్‌లోనే ఉందని తర్వాత తెలిసింది. మొదటి దెబ్బకు వాడి పన్ను ఊడిన చప్పుడు స్పీకర్లన్నింట్లో మోగింది. రెండో దెబ్బకు కింద పడ్డాడు. ఆ తర్వాతవి నేను లెక్కపెట్టలేదు.

"చాలు నాన్నా," అంది కూతురు నేలమీద నుంచే. "మధ్యలోకి రానన్నావు."

పోలీసులు మా ఇద్దర్నీ ఒకే బండిలో ఎక్కించారు. సైరన్ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. మాటల్లో సగం పన్ను సందులోంచి గాలిగా పోతున్నాయి.

"మావయ్యా, మన డిస్కు నాశనమైపోయింది కదా."

కిటికీలోంచి దుకాణం వైపు చూశాను. జనం ఇంకా పోలేదు. నాలుగో పాట మళ్లీ మొదలైంది. నా కూతురు ఎడమ చేత్తో డిస్కులు ఒక్కొక్కటే అందిస్తోంది.

"మన డిస్కు కాదురా, దానిది," అన్నాను. "జరిగి కూర్చో, నా చొక్కాకి నెత్తురంటుతోంది."