పోను ఒక క్యాను, రాను రెండు

నీలిమ మధురవాడలో ఓ వీడియో గేముల కంపెనీలో, గేములోని యుద్ధవిమానాలకు ఇంధనం లెక్క కడుతుంది. సగం ట్యాంకు పోను, సగం రాను. ఆ లెక్కన విమానం ఎంత దూరం పోయి రాగలదో మ్యాపు మీద చుట్టూ గీత గీసింది. గేములో గాలి వీస్తుంది గానీ, పోయేటప్పుడు తోసిన గాలే వచ్చేటప్పుడు ఆపుతుంది కాబట్టి చెల్లుకు చెల్లు అనుకుని దాన్ని వదిలేసింది. తీరా చూస్తే గీతదాకా వెళ్లిన విమానాలన్నీ తిరుగుదారిలో సముద్రంలో కూలుతున్నాయి. ఎందుకో ఎంతకీ అంతుపట్టలేదు.

ఆదివారం చేపలకని యారాడ తీరానికి వెళ్లింది. అక్కడ జాలరి దేవకుమార్ తన పడవలోకి డీజిల్ క్యాన్లు ఎక్కిస్తున్నాడు.

"మూడెందుకు బాబాయ్?"

"పోడానికొకటి, రాడానికి రెండమ్మా. ఈ గాలికి అంతే."

"పోయేటప్పుడు అదే గాలి తోస్తాది కదా! చెల్లుకు చెల్లు."

దేవకుమార్ నవ్వాడు. "గాలి ఎనకుంటే గంటలో ఎల్లిపోతాం. ఎదురైతే రావడానికి రెండు గంటలు. తోసింది గంటసేపు, ఆపింది రెండు గంటలు. సెల్లెక్కడయిందమ్మా?"

నీలిమ ఇసకలోనే కూలబడి ఫోన్లో లెక్క వేసింది. ఆయనదే నిజం. చేపల సంగతి మరిచిపోయింది.

సోమవారం గీత బాగా లోపలికి జరిగింది. ఒక్క విమానమూ కూలలేదు. మేనేజరు సాయిశంకర్ మాత్రం మొహం చిట్లించాడు.

"ఏటిది? మన విమానం రేంజి ఇంత తగ్గిపోయిందేటి?"

"తగ్గలేదు సార్," అంది నీలిమ. "ఇంటికి తిరిగొచ్చే రేంజి ఎప్పుడూ ఇంతే."