సున్నం నీళ్లతో కడిగిన సీసా

వాన నీళ్లలో ఆమ్లం కొలిచే మీటరు ఏడు చూపించింది. సంతోషం పట్టలేక ఆ అంకె వెంటనే పైకి పంపేశాను. పది నిమిషాల్లో మేనేజరు ఫోన్ చేశారు. వాన నీళ్లు ఇంత బాగుంటే, పొగగొట్టంలో సున్నం నీళ్లు చల్లే యంత్రాన్ని నాలుగింటికి ఆపి, వారం రోజులు మరమ్మతు చేయిస్తామన్నారు.

ఫోన్ పెట్టేశాక ఆ అంకె మీద అనుమానం వచ్చింది. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. మామూలు వానకే ఐదున్నర దగ్గర వస్తుంది. మా ఫ్యాక్టరీ పొగ కలిసిన వాన నాలుగుకు పడిపోయినప్పుడు కింది చెరువులో చేపలన్నీ పోయాయి. యంత్రం పెట్టాకే కాస్త కోలుకుంది. ఆ రోజు పొద్దున్నే చెరువులో మళ్లీ చేపపిల్లల్ని వదిలారు. కిటికీలోంచి చూస్తే మబ్బు కమ్ముకొస్తోంది. టైము మూడుంపావు.

డాబా మీద వాన నీళ్లు పట్టే సీసాను రోజూ దించి తెచ్చేది మా బావ. ఆ యంత్రం నడిపేదీ ఆయనే. సీసా ఎవరు కడిగారని పిలిచి అడిగాను.

"నీకు పని తగ్గుతుందని నిన్న నేనే కడిగి పెట్టా," అన్నాడు బావ గర్వంగా.

"ఏ నీళ్లతో బావా?"

"మా తొట్టిలోవే. తెల్లగా తళతళలాడింది."

సున్నం తొట్టి. సీసాకు అంటిన సున్నం వానలోని ఆమ్లాన్ని మింగేసింది. సీసాను నేనే శుద్ధి చేసిన నీళ్లతో కడగాలి. నిన్న కడిగే ఉంది కదా అని నేను ఊరుకున్నాను.

నమూనా పాడైందని రాయాలంటే కారణం, కారకుల పేర్లు రాయాలి. బావకు ఇప్పటికే ఒక మెమో ఉంది. రెండోది వస్తే ఉద్యోగం ఊడుతుంది. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేను. మూడేళ్లూ కాలేజీకి సైకిలు మీద దించింది ఆయనే.

కాగితం మీద నా పేరు ఒక్కటే రాశాను. బావ కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"చదువుకున్నదానివి, అబద్ధం కూడా సరిగ్గా రాయలేవేం? సున్నం నీ దగ్గరెక్కడిది?"

కలం లాక్కుని, కింద తన పేరు పెద్ద అక్షరాలతో రాసి, మేనేజరు గదికి తనే పట్టుకెళ్లాడు.

నాలుగుకు ఐదు నిమిషాలున్నాయనగా ఫోన్ మోగింది. యంత్రాన్ని ఆపవద్దని, రేపు పదింటికి ఇద్దరూ తన గదికి రావాలని మేనేజరు చెప్పారు.

బావకు చెప్పాను. ఆయన అప్పటికే యంత్రం దగ్గర నిలబడి తొట్టిలో మట్టం చూస్తున్నాడు.

"మీ అక్కకు నువ్వే చెప్పు," అన్నాడు తలెత్తకుండా. "నాకు భయం."

రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.