తలల క్లిప్పులు

రుక్కమ్మ ఆ పొద్దు మొదటి పేషెంటు జడలోంచి ఇంకో పిన్ను లాగి స్టీలు గిన్నెలో వేసింది. ఆ పిల్ల ఏదో ఐటీ కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. అన్నీ తీసేశానని అప్పటికి మూడుసార్లు చెప్పింది. అందరూ అలాగే చెబుతారు. తమ తలలో ఏముందో తమకే తెలియని మనుషులను రుక్కమ్మ రోజూ చూస్తూనే ఉంటుంది.

సమ్మె మొదలై రెండో వారం. సకల జనుల సమ్మె అన్నారు కాబట్టి బస్సులు లేవు, బొగ్గు లేక కరెంటూ వేళాపాళా లేకుండా పోతోంది. ఖాజాగూడ నుంచి హైటెక్ సిటీలోని ఈ స్కానింగ్ సెంటరు దాకా నడిచే వచ్చింది. యాభై రెండేళ్ల మనిషి, బక్కపలచన, మడమలు పగిలి ఉంటాయి. నీలం రంగు యూనిఫాం చీర కొంగు నడుముకు బిగించి పని మొదలుపెడితే ఇక మాట తక్కువ. ఆరేళ్లుగా ఆమె పని ఒక్కటే. ఎమ్మారై గదిలోకి ఇనుము పోకుండా చూడటం.

ఆ గదంటే ఆమెకు భయమూ ఉంది, భక్తీ ఉంది. చేరిన కొత్తలో టెక్నీషియన్ మధుసూదన్ ఒక తాళపుచెవికి దారం కట్టి గుమ్మంలో పట్టుకుని చూపించాడు. అది కిందికి వేలాడలేదు. గాలిలో నిటారుగా లేచి, దారాన్ని లాగుతూ, లోపలున్న తెల్లటి గుండ్రటి మిషను వైపు తిరిగి నిలబడింది. కరెంటు పోయినా ఆ అయస్కాంతం నిద్రపోదని చెప్పాడు. కంటికి కనిపించదు, చప్పుడు చేయదు, రాత్రింబగళ్లు లాగుతూనే ఉంటుంది. అమ్మో అనుకుంది రుక్కమ్మ. ఇప్పటికీ పొద్దున్నే ఆ తలుపును తాకి చేయి కళ్లకు అద్దుకుంటుంది.

అడగాల్సిన ప్రశ్నలు ఇంగ్లీషు కాగితం మీద ఉంటాయి. ఆమెకు చదువు రాదు కాబట్టి మధుసూదన్ తెలుగులో చెప్పాడు, ఆమె వాటిని తన మాటలో పెట్టుకుంది. ఒంటి మీద నగలున్నయా, గుండెకు మిషన్ పెట్టిన్రా, కడుపుతోటి ఉన్నవా, తలల క్లిప్పులున్నయా. ఈ చివరిదానికి లేవన్నవాళ్ల జుట్టులోనే ఆమెకు ఎక్కువ పిన్నులు దొరికేవి.

పదిన్నరకు పద్మావతి వచ్చింది. కడప మనిషి, మియాపూర్‌లో కొడుకు భరత్ దగ్గర ఉంటోంది. బస్సులు లేక ఆస్పత్రి ఫైలు కడప ఇంట్లోనే ఉండిపోయిందని, డాక్టరు రాసిన చీటీ ఒక్కటే తెచ్చామని భరత్ నొచ్చుకుంటూ చెప్పాడు. మధుసూదన్ చీటీ చూసి ఫరవాలేదన్నాడు. తల నరంలో స్టెంటు వేసి ఏడాదయింది, ఇప్పుడెలా ఉందో చూడాలని అందులో ఉంది.

బట్టలు మార్చుకునే గదిలో పద్మావతి స్టూలు మీద కూర్చుంది. క్లిప్పులున్నాయా అంటే లేవు, అన్నీ తీసేసినానంది. అయినా రుక్కమ్మ జడ విప్పుతూ, ఏం బాధమ్మా అని అడిగింది. పద్మావతి తాపీగా చెప్పుకొచ్చింది. తలలో ఒక నరం బుడగలాగా ఉబ్బిందట. తొడ దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నటి గొట్టం పంపి, అక్కడిదాకా జల్లెడలాంటి స్ప్రింగు చేర్చారట. ఆ బుడగలోకి రక్తం పోవడం ఆగిందో లేదో ఈ ఫొటోలో తెలుస్తుందట. తొడెక్కడ, తలెక్కడ! రుక్కమ్మ చేతిలో జడ అలాగే ఉండిపోయింది. కత్తి పెట్టకుండా మనిషి లోపల అంత దూరం పోయి వచ్చినవాళ్లున్నారంటే నమ్మడం కష్టంగా ఉంది. కానీ ఆ పోయి వచ్చిన తల తన చేతుల్లోనే ఉంది, వెచ్చగా, కొబ్బరినూనె వాసనతో.

అప్పుడు చెవి పైన ఆమె వేలు ఒక గుంతలో దిగింది.

"ఇదేందమ్మా, గుంతున్నది?"

"అదా, పాతది. మా భరత్ రెండేండ్ల పిల్లప్పుడు మద్రాసులో తల తెరిచినారు. లోపల వేరే నరం చిట్లితే క్లిప్పు పెట్టినారంట."

"క్లిప్పు లేదంటివి గదమ్మా?"

"నువ్వడిగింది జుట్టుకు పెట్టుకునేది కదా?"

గాలిలో నిలబడిన తాళపుచెవి రుక్కమ్మ కళ్ల ముందు కదిలింది. పద్మావతిని లేవవద్దని చెప్పి గబగబా మధుసూదన్ దగ్గరికి పోయింది. అతను హడావిడిలో ఉన్నాడు. కరెంటు మళ్లీ ఎప్పుడు పోతుందో తెలియదు, బయట నలుగురు కూర్చుని ఉన్నారు. స్టెంటు సంగతి చీటీలో ఉంది, ఆ రకానికి అయస్కాంతంతో ప్రమాదం లేదు, ఆవిణ్ణి తీసుకొచ్చి పడుకోబెట్టమన్నాడు. స్ప్రింగు కాదు, క్లిప్పు అని రుక్కమ్మ అంటే, పిన్నులు తీయడం నీ పనే కదమ్మా అని విసుక్కున్నాడు.

రుక్కమ్మ వెళ్లి ఎమ్మారై తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆరేళ్లలో ఎవరికీ ఎదురు చెప్పింది లేదు. ఈ నౌకరీ లేకపోతే పొయ్యి వెలగదు. కానీ నరం చిట్లితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆమె పెనిమిటి రామన్న ఖాజాగూడ గుట్టల్లో బండలు కొట్టేవాడు. పన్నెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం, తలల ఎవలో సమ్మెట కొట్టినట్టుందని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. దవాఖానలో, నరం పగిలింది, తీసుకుపొమ్మన్నారు.

"నేను జరుగ సారు. నౌకరి పోతే పోనీ. ఆ అమ్మ తల లోపట ఇనుమున్నది."

లోపట అన్న మాటకు మధుసూదన్ ఆగాడు. బల్ల మీది కాగితం తీసుకుని ప్రశ్న మళ్లీ చదివాడు. అది అడిగేది మెదడులో నరానికి వేసే క్లిప్పు గురించి. ఆరేళ్ల కింద తానే దాన్ని తలలో క్లిప్పు అని చెప్పి వదిలేశాడు. ఆరేళ్లుగా ఈమె జుట్టు గురించి అడుగుతోంది, జనం జుట్టు గురించి జవాబు చెబుతున్నారు. కాగితం అక్కడ పెట్టి డాక్టర్ రోహిణిని పిలవడానికి తనే వెళ్లాడు.

డాక్టరమ్మ వచ్చి భరత్‌ను అడిగింది. అమ్మకు అప్పుడు గడ్డ తీశారనే అతను ఇన్నాళ్లూ అనుకుంటున్నాడు. ఆ రోజుల్లో వేసిన క్లిప్పుల్లో కొన్ని అయస్కాంతం దగ్గర తిరిగిపోతాయని, వెంట్రుకవాసి కదిలినా రక్తం ఆగదని, ఏ లోహమో తేలేదాకా ఈ గదిలోకి వద్దని ఆమె చెప్పింది. భరత్ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ముందు మామూలు ఎక్స్‌రే తీయించారు.

ఫిల్మును లైటు డబ్బా మీద పెట్టి డాక్టరమ్మ రుక్కమ్మను దగ్గరికి పిలిచింది. పొగలాంటి పుర్రె. స్టెంటు ఉన్నచోట సూదిమొన లాంటి చుక్కలు. వాటికి దూరంగా, మరో పక్కన, వడ్లగింజంత క్లిప్పు తెల్లగా మెరుస్తోంది. ఇరవై రెండేళ్లుగా అది పట్టు వదలలేదని డాక్టరమ్మ అంది. ఆమె వండినా, నవ్వినా, బిడ్డను పెంచినా, నిద్రపోయినా, అది ఆ నరాన్ని పట్టుకునే ఉంది.

రుక్కమ్మ నోరు తెరుచుకుని చూసింది. ఇంత చిన్నదా! ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"గింతదానికే ఆగే పానమా అమ్మా. మా ఆయనకు గిది దొరకలే."

డాక్టరమ్మ ఆమె భుజం మీద చేయి వేసింది.

వేరే పరీక్షకు ఇంకో రోజు రమ్మని రాసిచ్చారు. వెళ్లే ముందు పద్మావతి రుక్కమ్మ రెండు చేతులూ పట్టుకుంది. కొడుకు బండి వెనక కూర్చుని, అతని భుజం గట్టిగా పట్టుకుని మియాపూర్ దారి పట్టింది. రుక్కమ్మ గేటు దాకా వెళ్లి, బండి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చింది. తర్వాత వచ్చిన ముసలాయనను తల బయట ఏమన్న ఉన్నయా, తల లోపట ఏమన్న ఉన్నయా అని విడివిడిగా అడిగింది. లోపల ఏముందో నా భార్యనడుగు అని ఆయన నవ్వాడు. రుక్కమ్మ నవ్వకుండా ఆయన భార్యను కూడా అడిగింది.

సాయంత్రం నేల తుడుస్తూ డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది. భరత్ కంగారులో మరిచిపోయినట్టున్నాడు, లైటు డబ్బా మీద పద్మావతి ఫిల్ము అలాగే ఉంది, అందులో వడ్లగింజంత తెలుపు. తుడుపుగుడ్డ పక్కన పెట్టి, దాన్ని వేలితో తాకి ఆ చేయి కళ్లకు అద్దుకుంది.