శవం ఊపిరి పీల్చిన సీను

కొడుక్కి సినిమాలో వేషం దొరికింది. శవం వేషం. ఆ శవాన్ని ఎక్కడ దాచాలో తెలియక నలుగురు దొంగలు పడే తిప్పలే కథంతా. అలమరలో కుక్కుతారు, కుర్చీలో కూర్చోబెట్టి కళ్లద్దాలు పెడతారు, పోలీసు వస్తే దాని చేత్తోనే నమస్కారం పెట్టిస్తారు. జనం పడీపడీ నవ్వుతున్నారట.

వాడి తల్లి మాత్రం రెండుసార్లు టికెట్టు కొనుక్కుని వెళ్లి, రెండుసార్లూ సగంలోనే లేచి వచ్చేసింది. కడుపున పుట్టినవాడు అలా బిగుసుకుపోయి పడి ఉంటే ఏ తల్లి చూస్తుంది? పైగా వాడు ఇంకేదో షూటింగుకి వెళ్లి వారం రోజులుగా ఫోను ఎత్తడం లేదు. ఆదివారం సాయంత్రం చేస్తాను, ఈలోగా సినిమా మొత్తం చూసి ఎలా ఉందో చెప్పమని మెసేజీ ఒకటి వచ్చింది. అది వాడే పెట్టాడో, వాడి ఫోనుతో ఇంకెవరు పెట్టారో. ఆమె మనసు మంచివైపు పోతే కదా.

ఆదివారం మ్యాట్నీకి ఒక్కతే వెళ్లింది. తోడు రమ్మనడానికి ఎవరున్నారు గనక. పక్క సీట్లలో ముగ్గురు సినిమా పిచ్చోళ్లు. ఇది ఐదోసారట. తెరమీదివాళ్ల కంటే ముందే డైలాగులు అప్పజెబుతున్నారు. శవాన్ని ఫ్రిజ్జులో పెట్టే సీను రాగానే ఆమె లేవబోయింది. పక్కనున్న అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది.

"కూర్చోండి ఆంటీ, అసలు మజా ఇక్కడే. శవం ఊపిరి పీలుస్తుంది. మేమొచ్చేదే దానికోసం."

కథలో లేదట అది. ఎవరూ చూసుకోక మిగిలిపోయిన తప్పట.

ఆమె కూర్చుంది. ఫ్రిజ్జు తలుపు తెరుచుకుంది. లోపల వాడు, ముఖానికి సున్నం కొట్టినట్టు. చొక్కా మూడో గుండీ దగ్గర రవ్వంత లేచి దిగింది. వరసంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వేసింది, కళ్లనీళ్లతో. వాడు నా కొడుకమ్మా అని చెప్పబోయింది. అప్పటికే ఆ అమ్మాయి చెయ్యి వదిలేసి తర్వాతి డైలాగులో పడిపోయింది.

సాయంత్రం ఫోను మోగింది. జలుబు గొంతే గానీ వాడిదే. తిన్నావా అని అడిగేలోపే వాడే అడిగాడు.

"ఫ్రిజ్జులో కదిలానా అమ్మా? అది జనానికి తెలిస్తే ఇంక పిలవనంటున్నాడు డైరెక్టరు."

వాడి మీద ఈగ వాలితేనే దిష్టి అనుకునే మనిషి, అనేసింది.

"లేదు నాన్నా. అచ్చం చచ్చినవాడిలానే ఉన్నావు."

వాడు హాయిగా నవ్వి పెట్టేశాడు. ఎంత మాట అన్నానా అనుకుంటూ, ఆమె ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చుండిపోయింది.