అరంగుళానికీ పదమూడుకీ మధ్య

మంగళవారం పొద్దున్న సైదమ్మ షెడ్డు తీసేసరికి కేసరి కారు ముక్కు రోడ్డు దాటి ఎదుటి టీకొట్టు దాకా పెరిగి ఉంది. ఇంజను చచ్చిపోతే తీసేసిన దగ్గర్నించీ బానెట్ రోజుకో మూరెడు సాగుతోంది. లోపల ఖాళీ పెరుగుతుంటే పైన రేకు మాత్రం ఏం చేస్తుంది? టీకొట్టు కనకయ్య దాని మీద గ్లాసులు బోర్లించుకుంటున్నాడు. ఆటోలు బానెట్ కింద నుంచి తల వంచుకుని వెళుతున్నాయి.

సైదమ్మకి యాభై నాలుగేళ్ళు. బెజవాడ ఆటోనగర్ మొత్తం మీద కేసరి కార్ల పని తెలిసినవాళ్ళలో ఆవిడొక్కతే మిగిలింది. కేసరి అంటే ఒకప్పుడు మామూలు బండి కాదు. రెండే తలుపులు, కండలు తిరిగిన వెనక భాగం, పొడుగాటి ముక్కు, ఆ ముక్కు కొసన ఇత్తడి సింహం. స్టార్టు చేస్తే వీధి చివరి ఇంట్లో గిన్నెలు కదిలేవి. కంపెనీ ఎప్పుడో మూతబడింది. ఈ బండిని సైదమ్మ తుక్కులోంచి ముక్కముక్కా ఏరుకొచ్చి పదకొండేళ్ళు కూర్చుని అతికించుకుంది. దాన్ని ఒక్కసారి రోడ్డు మీద తోలాలి. అంతకు మించి ఆవిడ ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

పదింటికి కేసరి గౌరవ సంఘం కార్యదర్శి భూపతిరాజుగారు తెల్లబట్టల్లో దిగుతారు. ఆయన వెనక నలుగురు మనుషులు పెద్దపెద్ద అద్దాలు మోసుకొస్తారు. నమస్కారం పెట్టి, ఎవర్నీ అడగకుండా, కారు చుట్టూ అద్దాల గది కట్టడం మొదలుపెడతారు. కారు పక్కనే గదిలో ఒక స్టూలు వేస్తారు. స్టూలు మీద ఇత్తడి పలక పెడతారు. దాని మీద 'చివరి కేసరి మెకానిక్' అని చెక్కి ఉంది.

"ఈ స్టూలెవరికండీ?" అంటుంది సైదమ్మ.

"మీకేనమ్మా. మా ఇంజను లేకుండా కేసరి కదలకూడదు. మా ఇంజను ఇంక దొరకదు. కనుక ఇది ఇంక కదలదు, మీకూ పని ఉండదు. సాయంత్రం ఐదింటికి తలుపు బిగిస్తాం."

"మరి నా తిండి?"

"ప్రదర్శనలో ఉన్నవాళ్ళకి ఆకలి వెయ్యదమ్మా. వారానికోసారి తుడుస్తాం కూడా."

చచ్చినోడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు పెద్దలు. ఇంజను బతికుండగా ఒక్క వాషర్ పంపమని సైదమ్మ ఈ సంఘానికి రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. చచ్చాక మాత్రం అద్దాలూ ఇత్తడి పలకలూను. ఆవిడకి ఒళ్ళు మండిపోతుంది. నోరు తెరవబోయి, నిలబెట్టిన అద్దంలో చూస్తుంది. అద్దంలో సైదమ్మ అప్పుడే స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. ముప్పై ఎనిమిదేళ్ళ పనిలో తన గోళ్ళని అంత తెల్లగా సైదమ్మ ఎప్పుడూ చూడలేదు. అప్పుడు ఆవిడకి నిజంగా భయం వేస్తుంది.

భయం వేస్తే ఇంట్లో కూర్చునే మనిషి కాదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, మురుక్కాలవ దాటి, మత్తేభం వీధిలోకి నడుస్తుంది.

ఆ కాలవ దాటడం అంటే చిన్న విషయం కాదు. కేసరికీ మత్తేభానికీ ఉప్పూనిప్పూ. అవి కంపెనీలుగా ఉన్న రోజుల్లో సింహం గుర్తుదొకటి, ఏనుగు గుర్తుదొకటి. కంపెనీలు పోయినా వీధులు పగ వదల్లేదు. ఈ వీధి పానా ఆ వీధి బోల్టుని తాకితే పానాని మూడుసార్లు పెట్రోలుతో కడుగుతారు. రెండు వీధులకీ టీ గ్లాసులు వేరు. మత్తేభం మేస్త్రి జకరయ్య, సైదమ్మ రోజూ ఎదురుపడతారు గానీ ముప్పై ఏళ్ళుగా మాట్లాడుకోలేదు.

"అన్నా, ఒక ఇంజను కావాల," అంటుంది సైదమ్మ.

జకరయ్య చేతులు తుడుచుకుంటాడు. చాలాసేపు తుడుచుకుంటాడు. "ఎందులోకి?"

"కేసరిలోకి."

"సింహం పొట్టలో ఏనుగునా?"

"తినడానికి కాదన్నా. తోలడానికి."

ఆయన ఆలోచించి తల ఊపుతాడు. "దీనికి దాహం ఎక్కువ చెల్లెమ్మా. నీళ్ళు చాలకపోతే నడిరోడ్డు మీద చతికిలబడుద్ది. ఆనక నన్ననమాక."

"నీళ్ళ సంగతి నే చూసుకుంటాలే, రా."

మత్తేభం ఇంజను చైనుకి వేలాడుతూ వాళ్ళ వెనకే వస్తుంది. ఆ చైను పైకి వెళ్ళి దేనికీ తగులుకోకుండా ఆగిపోతుంది. దారిలో కరెంటు తీగలు వచ్చినప్పుడల్లా ఇంజను మర్యాదగా పక్కకి ఒరుగుతుంది. కేసరి వీధి జనం బయటికొచ్చి మూతులు ముడుచుకుంటారు. ఒకాయన సైదమ్మ అడుగులు పడిన చోటల్లా పెట్రోలు చల్లుతాడు. సైదమ్మ వెనక్కి తిరిగి, "ఇక్కడా కాస్త చల్లు బాబాయ్, మర్చిపోయావు," అని ఇంకో అడుగు గట్టిగా వేస్తుంది.

బానెట్ ఎత్తి ఇంజను దించుతుంటే లోపలి చోటు కుంచించుకుపోతుంది. పొద్దున్న పెళ్ళి భోజనాలు పెట్టేంత ఉన్న ఖాళీ ఇప్పుడు అగ్గిపెట్టెంత. కొసనున్న ఇత్తడి సింహం ఇటు చూడకుండా మొహం తిప్పుకుంటుంది. దాని అలక సైదమ్మకి తెలుసు. బానెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచి, "పస్తుండి చస్తావా, పగోడింట్లో తిని బతుకుతావా?" అని అడుగుతుంది. సింహం ఇటు తిరగదు. చోటు మాత్రం ఇంజను పట్టేంత అవుతుంది.

అసలు చిక్కు బోల్టుల దగ్గర వస్తుంది. కేసరిది అంగుళాల లెక్క, మత్తేభానిది మిల్లీమీటర్ల లెక్క. అరంగుళం పానా పదమూడు బోల్టుకి ఎక్కదు. పదమూడు పానా అరంగుళం బోల్టుకి ఎక్కినట్టే ఎక్కి, జారి, అంచులు అరగదీస్తుంది. రెంటికీ మధ్య తేడా మూడు వెంట్రుకలంత. జకరయ్య తెచ్చిన ఏ బోల్టునీ కారు ఒప్పుకోదు, సైదమ్మ దాచిన ఏ బోల్టునీ ఇంజను ఒప్పుకోదు. నాలుగున్నర అవుతుంది.

"ఆ మూడు వెంట్రుకల్లోనే ఉందమ్మా కేసరి గౌరవం," అంటారు భూపతిరాజుగారు.

"అంత గౌరవానికి అంత చోటు చాలా ఎక్కువండీ. మిగతాది నాకియ్యండి," అని సైదమ్మ ఆ సందులో వేలు పెడుతుంది. తరవాత మోచెయ్యి. తరవాత భుజం. తరవాత తల వంచి లోపలికి వెళుతుంది.

లోపల ఒక వీధి ఉంది. కేసరి వీధంత పొడుగు, మత్తేభం వీధంత వెడల్పు. రెండు వీధుల మేస్త్రీలూ, పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళూ, బల్లల మీద కూర్చుని ఒకే గ్లాసులో టీ తాగుతూ పానాలు మార్చుకుంటున్నారు. వాళ్ళ మధ్య సైదమ్మకి పని నేర్పిన మేస్త్రి కనపడతాడు. ఆయన చేతిలో పదమూడు పానా ఉంది, దాన్ని అరంగుళం బోల్టుకి పట్టించి తిప్పుతున్నాడు.

సైదమ్మ పనిలో చేరిన మొదటివారం చేసిన తప్పు అదే. పదమూడు పానా వేసి బోల్టు అంచులు గుండ్రంగా అరగదీసింది. ఆడదాని చెయ్యి పడితే ఇట్టాగే ఉంటదని మేస్త్రి వీధి వీధంతా వినేట్టు తిట్టి, ఆ బోల్టు పట్టుకుపోయాడు. ఆ మాట ఇన్నేళ్ళూ ఆవిడ చెవిలోనే ఉంది.

"మేస్త్రీ, మీరు కూడానా?"

"అందరం," అంటాడాయన పని ఆపకుండా.

"మరి నన్నెందుకు తిట్టారు?"

"నువ్వు నలుగురూ చూస్తుండగా చేశావు."

సైదమ్మకి ఏడుపొస్తుంది, దాని వెనకే నవ్వొస్తుంది, రెంటి వెనకా కోపం వచ్చి అక్కడే ఉండిపోతుంది. "నా బోల్టు నాకిచ్చెయ్యండి," అని చెయ్యి చాపుతుంది. మేస్త్రి చొక్కా జేబులోంచి తీసి ఇస్తాడు. ఇన్నేళ్ళూ అది ఆయన గుండె మీదే ఉంది కాబోలు, వెచ్చగా ఉంది.

ఆవిడ బయటికి వచ్చేసరికి ఐదుకి ఇంకా రెండు నిమిషాలు. ఆ బోల్టు తల గోళీలా నున్నగా ఉంది. అది అంగుళాలదీ కాదు, మిల్లీమీటర్లదీ కాదు. కారు కాదనదు, ఇంజను కాదనదు. సైదమ్మ దాన్ని ఉత్త వేళ్ళతో బిగిస్తుంది. ఇంజను పట్టుకోవలసినవి నాలుగు చోట్లు. నాలుగు చోట్లా ఆ ఒక్క బోల్టే బిగుస్తుంది.

"విప్పండి!" అని కేకేస్తారు భూపతిరాజుగారు. ఆయన మనుషులు అద్దాలు వదిలేసి అరంగుళం పానా వేస్తారు, పదమూడు వేస్తారు, పట్టకారు వేస్తారు. పట్టడానికి దానికి అంచంటూ ఉంటే గదా.

"నేను చెడగొట్టిన బోల్టండీ అది. ఇంకెవరికీ ఊడిరాదు," అంటుంది సైదమ్మ, తాళం తిప్పుతూ.

ఆ చప్పుడు గర్జనా కాదు, ఘీంకారమూ కాదు. రెండు వీధుల్లోనూ గిన్నెలు కదులుతాయి. అద్దాల గది నిశ్శబ్దంగా పంచదారలా రాలిపోతుంది. స్టూలు మిగులుతుంది. కారుకి రెండో సీటు లేదు, జకరయ్య స్టూలు తెచ్చి లోపల వేసుకుని, ఇత్తడి పలకని కాలికింద పెట్టుకుని కూర్చుంటాడు.

"ఇది కేసరి కాదమ్మా," అంటారు భూపతిరాజుగారు.

"కాదండీ."

"మత్తేభమూ కాదు."

"కాదు."

"మరేంటమ్మా ఇది?"

"బండి," అంటుంది సైదమ్మ, గేరు వేస్తూ. గేరు రాడ్డు మీద ఆవిడ గోళ్ళు నల్లగా ఉన్నాయి. వాటిని చూసి ఆవిడకి ప్రాణం లేచొస్తుంది.

వెనక చక్రాలు ఇంకా షెడ్డులోనే ఉన్నాయి. బానెట్ మాత్రం కనకయ్య గ్లాసులతో సహా బందరు రోడ్డు పట్టుకుని పోతుంది. కంకిపాడు దాటుతుంది, పామర్రు దాటుతుంది, ఎండ తగ్గకముందే బందరు చేరి సముద్రం ఒడ్డున ఆగుతుంది. డాష్‌బోర్డు మీద వేడి ముల్లు ఎర్రగీత దగ్గర కొట్టుకుంటోంది.

"చెప్పానా, దాహమని," అంటాడు జకరయ్య.

అక్కడ, అరవై ఎనిమిది కిలోమీటర్ల అవతల, ఇత్తడి సింహం మొహం ఇటు తిప్పి, దవడల మధ్య నుంచి మెల్లగా తొండం చాపుతుంది. తొండం నీళ్ళలో ముంచి తాగడం మొదలుపెడుతుంది. అలలు వెనక్కి వెళతాయి, మళ్ళీ రావు. పడవలు ఒక్కొక్కటీ ఇసకలో కూర్చుంటాయి. ముల్లు కిందికి దిగుతుంది. నీళ్ళు తీసిన చోట, సముద్రం అడుగున, తారు రోడ్డు ఒకటి తేలుతుంది, మధ్యలో తెల్లగీత కూడా వేసి ఉంది.

"ఇంకొంచెం తాగవే," అంటుంది సైదమ్మ, కాలు క్లచ్ మీద నుంచి తీస్తూ.