ముప్పై ఎనిమిది పొయ్యిలు

కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమని పైనుంచి ఉత్తర్వు వచ్చాక, ఆ గదిలో రోజూ మధ్యాహ్నం ఒకటే వరస. ఆమె డ్రాయరులోంచి ఒక్కో కార్డు తీసి చదవడం, టైపిస్టు అక్క కొట్టడం. అక్కకు ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చి ఎన్నేళ్ళయినా, ఆవిడ మీటల్ని పగవాళ్ళను కొట్టినట్టే కొడుతుంది.

ఒక్కో కార్డు మీద ఒక పాత ఫ్రెంచి మాట, దాని కింద ఇంగ్లీషు అర్థం, అట్టడుగున 'ఆధారం' అని ఒక గీత. ఆ రోజు 'ఎఫ్' డ్రాయరు తెరిచారు. అంచులు మెత్తబడిన కార్డొకటి చేతికి రాగానే ఆమె చదవడం ఆపేసింది.

"ఏమైంది నిప్పమ్మా? కళ్ళజోడు మార్చాలా?" అంది అక్క.

పాతికేళ్ళ కిందట ఆమెకు ఆ పేరు తెచ్చిపెట్టిన మాటే ఆ కార్డు మీద ఉంది.

అప్పటికి ఆమె ఆ పాత దస్తావేజుల కార్యాలయంలో చేరి పదకొండు వారాలు. మూడు నెలలు చూసి, పనికొస్తుందనుకుంటే ఉంచుతామన్నారు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. ఫ్రెంచి కూడా ఇష్టపడి తీసుకున్నది కాదు. కాలేజీకి వెళ్ళేసరికి సీట్లు మిగిలింది అందులోనే. క్లాసులో నేర్చుకున్నది రైలు టిక్కెట్టు అడగడం, ఎండావానల గురించి మాట్లాడటం. ఇక్కడ ఎదురైనవి ఫ్రెంచివాళ్ళు ఈ ప్రాంతాన్ని ఏలిన రోజుల్లోని, రెండున్నర వందల ఏళ్ళ నాటి గుమాస్తాల గొలుసుకట్టు రాతలు.

ఆ గదికి పెద్ద కామా సారు. ఒక కామా తీసేశారని డైరెక్టరుగారితో వారం రోజులు మాట్లాడటం మానేశారట, అప్పటినుంచీ ఆ పేరు. కార్డులు మొదలుపెట్టింది ఆయనే. ఆధారం లేని అర్థం కార్డెక్కకూడదని ఆయన పట్టుదల. "నీకు తెలుసు, నాకు తెలుసు. మన తరవాత వచ్చేవాడికి ఎలా తెలుస్తుంది?" అనేవారు.

ఆమె సొంతంగా అనువదించిన మొదటి కాగితం ఒక చిన్న ఊరి జనాభా చిట్టా. సారు దాన్ని చేత్తో పట్టుకుని గదంతా వినేలా చదివారు.

"ఊళ్ళో ఇళ్ళెన్నమ్మా?"

"ముప్పై రెండండి."

"అగ్నిప్రమాదాలు?"

"ముప్పై ఎనిమిదండి."

"ఇళ్ళన్నీ అయిపోయాక మిగతా ఆరు మంటలు ఎక్కడ పెట్టారు, గడ్డివాములకా? పైగా ఆ ఆరూ విధవరాళ్ళ పని అని రాశావు. వాళ్ళకు ఊరి మీద ఏం కక్ష ఉందో పాపం."

టైపిస్టు అక్క మిషను ఆపేసి, "నిప్పులాంటి పిల్లండీ, మనమే జాగ్రత్తగా ఉండాలి" అంది. గది గదంతా నవ్వింది. ఆమె మాత్రం తల వంచుకుని తన కాగితం కోసం చెయ్యి చాపింది.

అది చూసి సారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. డ్రాయరులోంచి రెండు కార్డులు తీసి ముందు పెట్టారు. రెండింటి మీదా ఒకటే మాట, 'ఫో'.

"మామూలుగా నిప్పే. తప్పు నీది కాదు. కాని జనాభా లెక్కల్లో దీనికి ఇల్లు అని అర్థం. నిఘంటువులో ఉంది, చూడు, ఆధారం రాశాను. ఇంకో ఫో ఉంది. మనిషి పేరు ముందు వస్తే చనిపోయినవాడని. నువ్వు ఇందులో ఒకాయన్ని నిప్పు నేతగాడన్నావే, ఆయన పోయిన నేతగాడు. రెండు మాటలకీ అక్షరాలు ఒకటే, పుట్టుక వేరు. దీన్ని ఇంగ్లీషువాడు లేటంటాడు. మనందరికన్నా ముందు వెళ్ళిపోయినవాణ్ణి పట్టుకుని ఆలస్యమైందంటాడు, అదేం న్యాయమో."

"మరి సార్, ఫో అంటే ఇల్లయితే, ముప్పై రెండు ఇళ్ళు, ముప్పై ఎనిమిది ఇళ్ళు అని రెండు లెక్కలు వస్తాయి కదండీ?"

"గుమాస్తా లెక్క తప్పాడు. అలా అని కింద ఒక చిన్న గమనిక పెట్టు. పక్క ఊళ్ళ చిట్టాల్లో నేనూ అదే పెట్టాను. సోమవారం పొద్దున్నకి తిరగరాసి తీసుకురా. సరిగ్గా ఉంటే నీ ఉద్యోగం కాగితం మీద సంతకం పెడతాను. మళ్ళీ ఇలాగే ఉంటే మాత్రం ఇద్దరమూ బాధపడాలి."

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంటి వెనక వసారాలో ఆ కాగితం ముందేసుకుని కూర్చుంది. రాయమన్నది రాసేసింది కూడా. ఇల్లు, ఇల్లు, కింద గమనిక. అయినా మనసొప్పలేదు. లెక్కలు రాసి బతికేవాడు, ఒకే వరసలో ఆరు తేడా వస్తే చూసుకోడా?

వాళ్ళమ్మ ఇస్త్రీ పెట్టెలోంచి బూడిద దులుపుతోంది. వీధిలో సగం మంది చొక్కాలు ఆవిడ చేతిమీదుగానే మడతపడేవి.

"ఏంటే, పొద్దున్నుంచీ ఆ కాగితాన్ని తినేసేలా చూస్తున్నావు?"

"ఫో అని ఒక మాటమ్మా."

"ఫో ఏంటే, కుక్కను అదిలించినట్టు."

"ఫ్రెంచిలో నిప్పు. పాత లెక్కల్లో ఇల్లట. ఊళ్ళో ముప్పై రెండు ఇళ్ళు, ముప్పై ఎనిమిది ఫోలు. అందులో ఆరు విధవరాళ్ళవి. లెక్క కుదరట్లేదు. రాసినవాడే తప్పు రాశాడంటున్నారు మా సారు."

అమ్మ పెట్టె పక్కన పెట్టి చీర చెంగుకి చెయ్యి తుడుచుకుంది.

"నిప్పు ఇల్లెందుకవుతుందే, పొయ్యవుతుంది గాని. మనకి ఇళ్ళెన్ని?"

"ఒకటి."

"పొయ్యిలు?"

ఆమె తలెత్తింది. వంటింట్లో పిన్ని పొయ్యి. ఈ వసారా మూల అమ్మ పొయ్యి. నాన్న పోయేనాటికి ఆమెకు ఏడేళ్ళు. ఆ తరవాత ఆరు నెలలకి ఒకరోజు అమ్మ ఎక్కణ్ణించో ఇటుకలు మోసుకొచ్చి, మట్టి మెత్తి, ఆ మూల పొయ్యి వేసింది. బాబాయి నొచ్చుకున్నాడు, పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. అమ్మ మాత్రం, "మీ ఇంట్లోనే ఉంటాం. కాని నా పిల్లకి ఆకలేసినప్పుడు మీ గిన్నె దిగేదాకా ఆగమని చెప్పలేను" అంది.

"ఆ ఆరుగురూ నాలాంటి వాళ్ళే అయ్యుంటారు. మరిది ఇంట్లోనో, అన్న ఇంట్లోనో ఉంటూ పొయ్యి మాత్రం వేరే పెట్టుకుని ఉంటారు. ముప్పై రెండూ ఆరూ ఎంత?"

"ముప్పై ఎనిమిది."

"మరి? వాడికి లెక్కలు బాగానే వచ్చు. డిగ్రీ చదివిందానివి, నీకే రాలేదు."

ఆమె ఇంకో కాగితం తీసి మళ్ళీ రాసింది. ఈసారి గమనిక లేదు. ఇంగ్లీషులో 'హార్త్' అని రాసింది, పొయ్యి అని.

సోమవారం బస్సులో సంచీలో రెండు కాగితాలూ ఉన్నాయి. ఒకటి సారు చెప్పినట్టు రాసినది, దాంతో ఉద్యోగం ఖాయం. రెండోది ఇస్తే, ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషితో మీ కార్డు తప్పండీ అన్నట్టే. పదకొండు వారాల పిల్ల. మొన్ననే ఊరికి ఊరు తగలబెట్టిన పిల్ల. ఇంట్లో బాబాయి అప్పుడే నలుగురికీ చెప్పుకున్నాడు, మా అన్న కూతురు ఆఫీసులో కుదురుకున్నట్టే అని. మెట్లెక్కేదాకా ఆమె ఏదీ తేల్చుకోలేదు. తీరా సారు చెయ్యి చాపాక, చెప్పినట్టు రాసిన కాగితం పైనే ఉన్నా, కిందిది లాగి ఇచ్చింది.

సారు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. తరవాత వేలితో బల్లమీద ముప్పై రెండూ ఆరూ కూడుకోవడం ఆమెకు కనిపించింది.

"నా కార్డులో ఇల్లని ఉంది. చూశావా?"

"చూశానండి."

"నిఘంటువులో కూడా అదే ఉంది. నీ ఆధారం ఏమిటి?"

మిషను చప్పుడు ఆగిపోయింది. అక్క కూడా వింటోంది.

"మా అమ్మండి."

"ఏం చదువుకున్నారు?"

"ఏమీ చదువుకోలేదండి. ఇస్త్రీ చేస్తుంది. మేం బాబాయి వాళ్ళింట్లో ఉంటాం. మా నాన్న పోయాక మా అమ్మ వేరే పొయ్యి పెట్టుకుంది."

సారు కుర్చీలోంచి లేచారు. పక్క ఊళ్ళ చిట్టాల అనువాదాలు బీరువాలోంచి తీసి ఒక్కోటే తిప్పారు. ప్రతిదాంట్లోనూ విధవరాళ్ళ లెక్క కలిపితే సరిపోతోంది. తొమ్మిదో ఊరు దగ్గర ఆపేశారు.

"తొమ్మిది మంది గుమాస్తాల మీద లేనిపోని నింద వేశానమ్మా. ఒక్కడూ వచ్చి అడగలేడు కాబట్టి సరిపోయింది."

ఆయన డ్రాయరు లాగి తన కార్డు తీశారు. స్కేలు పెట్టి ఇల్లనే మాటను ఒక్క గీతతో కొట్టేసి, పైన హార్త్ అని రాశారు. ఆధారం దగ్గర కలం ఆపి, "ఎన్నేళ్ళయింది మీ అమ్మగారు పొయ్యి పెట్టుకుని?" అని అడిగారు.

"పదిహేనేళ్ళండి."

రాసి, విసురుగా ఊది ఆరబెట్టి, కార్డు ఆమె చేతికిచ్చారు. ఆ తరవాతే ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టారు, అదేదో చిల్లర పనైనట్టు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి చెబితే అమ్మ ముందు సంతకం గురించి అడిగింది. తరవాత, "నా పేరు రాశాడా?" అంది.

"పేరు కాదమ్మా, పని రాశారు."

"అదే నయం. పేరు చెబితే ఎవడికి తెలుసు" అని ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వేసుకుంది. మర్నాడు ఇస్త్రీకి వచ్చిన ప్రతివాళ్ళకీ మాత్రం చెప్పింది.

"చదువమ్మా, కళ్ళు పీకుతున్నాయి" అంది టైపిస్టు అక్క, కంప్యూటరు మీంచి తలెత్తి.

ఆమె చదివింది. మాట, అర్థం, అక్క కొట్టేసింది. ఆధారం దగ్గర కంప్యూటరు మొరాయించింది. పుస్తకం, పత్రిక, చిట్టా, ఇతరములు, ఈ నాలుగే ఒప్పుకుంటుందట.

"ఇతరములు పెట్టెయ్. పక్కన ఆయన రాసింది రాసినట్టు కొట్టు. మౌఖికం. ఇస్త్రీ పనివారు. వేరు పొయ్యి పెట్టుకున్న అనుభవం, పదిహేనేళ్ళు."

అక్క మీటల మీద చేతులు తేలిక చేసి కొట్టింది. కొట్టాక ఆగింది. కామా సారు కాలం చేసి తొమ్మిదేళ్ళు. అమ్మ పోయింది పోయిన ఏడాది.

"ఆధారం ఇచ్చినవాళ్ళు బతికి లేకపోతే ముందు లేట్ అని పెట్టమన్నారు కదే. అమ్మగారికి పెట్టనా?"

"వద్దక్కా" అంది ఆమె, కార్డు డ్రాయరులో దాని చోట దోపుతూ. "పొద్దున్న నాలుగున్నరకే పొయ్యి రాజేసే మనిషి. ఏనాడూ లేటవలేదు."